చెట్టెక్కే హార్నెస్ సెట్: రంపం కంటే ముందు ఇది కొనండి

కొబ్బరి దింపు మా ఇంటి పని. నాన్నగారు చేశారు, ఆయన దగ్గరే నేనూ నేర్చుకున్నాను. అంబాజీపేట, పి.గన్నవరం, అయినవిల్లి వైపు తోటల్లో దింపు తీస్తూనే, ఇళ్ల మీదకి వాలిన చెట్లూ కొమ్మలూ కొట్టే పని కూడా పట్టుకున్నాను. ఇప్పుడు నాకు ఎక్కువగా వచ్చేది ఈ రెండో పనే. పెంకుటింటి మీదకి ఒరిగిన నిద్రగన్నేరు, కరెంటు తీగల్లోకి పెరిగిన మామిడి, ప్రహరీ గోడని చీలుస్తున్న రావి. ఈ పని కోసమని నిరుడు తొలకరికి ముందు ఒక హార్నెస్ సెట్ కొన్నాను. వానలో, ఎండలో, ఉప్పుగాలిలో వాడి చూశాక వివరంగా రాయాలనిపించింది. ఎందుకంటే మా కోనసీమలో ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు ముందు రంపం కొంటున్నారు. అంత డబ్బు పెట్టి పెట్రోలు రంపం తీసుకుని, నడుముకి మాత్రం పాత మోకే కట్టుకుని ఎక్కుతున్నారు. చూస్తుంటే గుండె ఝల్లుమంటుంది.

ఇది చెట్ల పనికే తయారుచేసిన, కూర్చునే రకం హార్నెస్. నడుం చుట్టూ వెడల్పాటి మెత్తటి పట్టీ, రెండు తొడలకీ పట్టీలు, నడుముకి అటూ ఇటూ ఒక్కో రింగు, బొడ్డు దగ్గర పక్కలకి జరిగే ఇంకో రింగు ఉంటాయి. దాంతోపాటు మాను చుట్టూ తిప్పి నడుం రింగులకి తగిలించుకునే, లోపల ఉక్కు తీగ ఉన్న నడుం తాడు, దాని పొడవు తగ్గించి పెంచుకునే పట్టు, 45 మీటర్ల ఎక్కే తాడు, నాలుగు కారబైనర్లు (తాడునీ హార్నెస్‌నీ కలిపే, గేటు ఉన్న లోహపు కొక్కేలు), సన్నటి దారంతో విసిరే చిన్న సీసపు సంచి, గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్ తీసుకున్నాను. హార్నెస్ ఒక్కటే 15,000 దాటింది. అన్నీ కలిపి 35,000 దగ్గరికి వచ్చింది. డబ్బు ఎక్కువే. రెండు విడతలుగా కొన్నాను.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు చూసి కొనేవాళ్లకి నకిలీ సరుకు అంటగట్టడం తేలిక. చూడాల్సింది దాని లోపల కుట్టి ఉన్న చిన్న ట్యాగ్. దాని మీద ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం. చెట్టు మీద రెండు చేతులూ వదిలి పనిచేసుకోవడానికి పనికొచ్చే నడుం పట్టీ అయితే ఈఎన్ 358 అని ఉంటుంది. కూర్చుని వేలాడడానికి పనికొస్తే ఈఎన్ 813 అని ఉంటుంది. చెట్ల పనికి ఈ రెండూ ఒకే హార్నెస్ మీద ఉండాలి. తాడు మీద ఈఎన్ 1891, టైప్ ఏ అని ఉండాలి. అంటే కనీసం 22 కిలోన్యూటన్ల బలాన్ని, మన లెక్కలో రెండు టన్నుల పైమాటే, ఆపుతుందని పరీక్షించిన తాడు. కారబైనర్ మీద ఈఎన్ 362, దాని పక్కన ఎన్ని కిలోన్యూటన్లో, ఏ బ్యాచో చెక్కి ఉంటాయి. యూరప్ నిబంధనలకి తగ్గట్టుందని చెప్పే సీఈ అన్న రెండక్షరాలు ఒక్కటే ఉంటే సరిపోదు, వాటి పక్కన నాలుగంకెల నంబరు కూడా ఉండాలి.

నాకు వచ్చిన కారబైనర్లలో ఒకదాని మీద ఆ అంకెలు లేవు. బరువూ తేడాగా ఉంది, మిగతా మూడిటి కన్నా తేలిక. ఆన్‌లైన్‌లో అమ్మిన షాపువాడికి ఫోన్ చేస్తే "సేమ్ టు సేమ్ సార్, వాడుకోండి" అన్నాడు. ఫొటోలు తీసి పంపి, తిరిగి తీసుకునేదాకా వదల్లేదు. వారం పైన నడిచింది ఆ గొడవ. మీకూ అలాంటిది వస్తే మొహమాటపడకండి. అది తాళాలు తగిలించుకునే కొక్కెం కాదు, మన బరువంతా దాని మీదే ఉంటుంది.

ఇంకో మాట. కాకినాడలోనో రాజమండ్రిలోనో హార్డ్‌వేర్ షాపులో "సేఫ్టీ బెల్ట్" అని అడిగితే, బిల్డింగ్ పనివాళ్లు వేసుకునేది ఇస్తారు. దాని మీద మన దేశపు ప్రమాణం ఐఎస్ 3521 ఉంటే మంచి సరుకే, తక్కువ ధరకే వస్తుంది. కానీ ఆ పనికీ మన పనికీ తేడా ఉంది. దాని కొక్కెం వీపు మీద ఉంటుంది, పడితే ఆపడానికి చేసింది. చెట్టు మీద మనం పడకుండా, దాని మీదే ఆనుకుని, పక్కకి వంగి గంటలు గంటలు కొయ్యాలి. వీపు కొక్కేనికి వేలాడుతూ ఒక్క కొమ్మ కూడా సరిగ్గా కొయ్యలేం. నడుముకి ఒక్క పట్టీతో వచ్చే పాత రకం బెల్ట్ అయితే అసలు కొనకండి. దానితో పడితే ఆ కుదుపంతా నడుం మీదా పొట్ట మీదా పడుతుంది.

ఇక వాడకం సంగతి. ఈ సెట్ పూర్తి విలువ నాకు తెలిసింది పెద్ద నిద్రగన్నేరు మీద. కింద నుంచి సీసపు సంచి విసిరి, బలంగా ఉన్న పచ్చి పంగలో దారం వేస్తాను. దారానికి తాడు కట్టి లాగి, నేనూ కింద సాయం ఉండేవాడూ ఇద్దరం కలిసి ఆ తాడుకి వేలాడి చూస్తాం. పంగ కిర్రుమన్నా, పైనుంచి ఎండు పేళ్లు రాలినా ఇంకో పంగ చూసుకుంటాం. మా ఇద్దరి బరువూ ఆగితే నా ఒక్కడి బరువు ఆగుతుంది. తర్వాత తాడు మీద జారుడు ముడి వేసుకుని, దాన్ని జరుపుకుంటూ పైకి పోవడమే. ముడి మీద బరువు పడితే బిగుస్తుంది, చేత్తో కిందకి నొక్కితే జారుతుంది. పైకి వెళ్లాక తొడల పట్టీల మీద కూర్చుని కాళ్లు కొమ్మకి ఆనిస్తే రెండు చేతులూ ఖాళీ. ముందున్న జరిగే రింగు వల్ల, కొమ్మ వెంబడి పక్కకి నడిచినా ఒళ్లు మెలిపడదు. మోకుతో ఎక్కినప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ చెట్టుకే పోయేది. పనికి మిగిలేది ఒక్కటే.

రెండు చేతులూ ఖాళీ అయితే కోత మారిపోతుంది. ముందు కొమ్మ కింది వైపు నుంచి మూడో వంతు కోసి, తర్వాత కొంచెం బయటగా పైనుంచి కొయ్యాలి. బరువంతా పోయాక, మిగిలిన మోడుని కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడకి బయట తీసెయ్యాలి. కింది కోత లేకపోతే కొమ్మ పడేటప్పుడు బెరడుని కాండం పొడుగునా చీల్చుకుపోతుంది. ఆ మెడని కోసేస్తే చెట్టు గాయాన్ని మూసుకోలేదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లని నిలువునా కోసి చూసి, చెట్టుకి గాయం మానదు, దాని చుట్టూ గోడలు కట్టుకుని కుళ్లుని లోపలే బంధిస్తుంది అని తేల్చారు. 1970ల్లో ఆయన చెప్పిన ఆ సంగతి మీదే ఇప్పుడు లోకమంతా కొమ్మలు కొట్టే పద్ధతి నడుస్తోంది. కోసిన చోట తారు పూయమని చాలామంది ఇళ్లవాళ్లు అడుగుతారు. పూయక్కర్లేదండీ, కోత సరిగ్గా ఉంటే చాలు.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున, ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది కదా. అదీ నిద్రగన్నేరే. అప్పటి నుంచి నాకు ఫోన్లు పెరిగాయి. "మా చెట్టు కూడా పడిపోద్దేమో, మొత్తం కొట్టెయ్యవయ్యా" అంటారు. ఇదివరకు కింద నిలబడి చూసి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు తాడు మీద పైకి పోయి పంగల్లో తొర్రలున్నాయా, పాత కోతల్లో నీళ్లు నిలిచి కుళ్లిందా చూసొస్తున్నాను. చాలా చెట్లకి బరువైన రెండు కొమ్మలు తగ్గిస్తే సరిపోతోంది. నీడనిచ్చే చెట్టుని మొదలంటా నరకకుండా ఆపగలిగిన ప్రతిసారీ నాకు చెప్పలేనంత సంతోషం. మొత్తం కొట్టాల్సిందే అయితే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ముందు అనుమతి తెచ్చుకోమని ఇంటివాళ్లకి చెప్తాను.

కొబ్బరి మీద మాత్రం ఈ సెట్‌కి నేను అన్ని మార్కులు వెయ్యను. కొబ్బరికి పంగ లేదు, తాడు వెయ్యడానికి ఏమీ లేదు. ఉన్నది నడుం తాడు ఒక్కటే. దాన్ని మాను చుట్టూ ఊరికే తిప్పి ఎక్కితే, కాలు జారినప్పుడు అదీ మనతోపాటే కిందకి జారుతుంది. నున్నటి మాను మీద దాన్ని ఆపేది ఏముంటుంది? అందుకే బరువు పడగానే ఉరిలా బిగిసేట్టు వేసుకోవాలి. అలా వేస్తే ప్రతి అడుక్కీ వదులు చేసి, పైకి జరిపి, మళ్లీ బిగించాలి. దింపు వేగం సగానికి పడిపోతుంది. రోజుకి ఇన్ని చెట్లని లెక్కగట్టి కూలి ఇచ్చే చోట ఇది కుదరదు. నేను తలలు కొట్టే కొబ్బరి చెట్లకి, అంటే చచ్చిపోయి ముక్కలు ముక్కలుగా దించాల్సిన వాటికి, మాత్రమే ఇలా ఎక్కుతున్నాను. అక్కడ వేగంతో పని లేదు.

మట్టల్లోకి చేరేటప్పుడు ఇంకో చిక్కు. నడుం తాడుని మట్టల కింద నుంచి తీసి పైన వేసుకోవాలి. ఆ మధ్యలో మనిషి దేనికీ తగిలి ఉండడు. దీనికోసం ఇంకో చిన్న నడుం తాడు కొన్నాను. రెండోది తగిలించి, దాని మీద బరువు వేసి చూసుకున్నాకే మొదటిది విప్పాలి. చెట్ల పనికి అమెరికాలో ఉన్న ఏఎన్‌ఎస్‌ఐ జెడ్133 ప్రమాణం కూడా చెట్టు మీద మోటారు రంపం వాడేటప్పుడు మనిషి రెండు చోట్ల కట్టుకుని ఉండాలనే చెప్తుంది. కాబట్టి సెట్ కొనేవాళ్లు ఒక్క నడుం తాడుతో సరిపెట్టుకోవద్దు. సెట్‌లో రెండోది ఇవ్వకపోవడం పెద్ద లోపమని నా ఉద్దేశం. మట్ట మొదట్లో ఉండే పీచు రాలి కారబైనర్ గేటులో ఇరుక్కోవడం కూడా గమనించుకోవాలి. గేటు మూసినట్టే కనిపిస్తుంది, తాళం మాత్రం తిరిగి ఉండదు. నేను తీసుకున్నవి మూడు కదలికలతో తెరుచుకునే రకం. అయినా ప్రతిసారీ "టక్" మన్న చప్పుడు విన్నాకే, బొటనవేలితో నొక్కి చూసుకున్నాకే బరువు వేస్తాను.

ముళ్ల బూట్లు వేసుకుని కొబ్బరి ఎక్కితే సుళువు కదా అని అడిగే కుర్రాళ్లున్నారు. బతికున్న కొబ్బరికి అవి వద్దు. కొబ్బరికి గాయం పూడ్చుకునే పొర ఉండదు. పడిన చిల్లు చెట్టు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. ఆ పచ్చి గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. రైతు ఎన్నో ఏళ్లు పెంచిన చెట్టుకి మనం పురుగుని పిలిచినవాళ్లం అవుతాం. ఎక్కే ముందు మొదట్లో, చెట్టుని కుళ్లబెట్టే గానోడెర్మా పుట్టగొడుగు ఉందేమో చూడడం, కత్తి వెనక వైపుతో మాను కొట్టి డొల్ల శబ్దం వస్తుందేమో వినడం నాన్నగారు నేర్పిన పని. ఎంత ఖరీదు హార్నెస్ ఉన్నా చెట్టే కూలితే ఏం లాభం?

పచ్చి తోటలో మామూలు దింపుకైతే కేరళ చెంబేరి రకం ఎక్కే యంత్రమే నయం. తాడు బదులు రెండు ఇనుప చట్రాలు, ఒక్కోదానికి మాను చుట్టూ తీగ. కాళ్లు మార్చి మార్చి మెట్లెక్కినట్టు పోవచ్చు. కొత్తవాళ్లు, ఆడవాళ్లు కూడా దాంతో ఎక్కుతున్నారు. వంకర మానుకి, బాగా వాలిన చెట్టుకి అది కుదరదు. అది కొన్నా, కాసరగోడు కొబ్బరి పరిశోధన సంస్థవాళ్లు దానికి జోడించిన భద్రత తాడుతో కలిపే కొనండి.

కరెంటు గురించి ఇది తప్పక చదవండి. నడుం తాడులో ఉక్కు తీగ ఉండడం వల్ల చేతి రంపం పొరపాటున తగిలితే వెంటనే తెగదు. మోటారు రంపానికి మాత్రం అదీ తెగుతుంది, ఆ ధైర్యం వద్దు. కానీ అదే ఉక్కు కరెంటు తీగ తగిలితే మనల్ని చంపుతుంది. మా ఊళ్లలో కొబ్బరి తోటల మధ్య నుంచే 11 కేవీ లైన్లు పోతాయి, మట్టలు వాటికి ఆనుకునే ఉంటాయి. లైన్ పక్కన పని అయితే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపే అనుమతి) తీసుకుని, లైను ఆపి, ఎర్త్ వేశాకే నేను ఎక్కుతాను. అప్పుడు కూడా ఉక్కు తీగ లేని రెండో నడుం తాడే వాడతాను. "ఐదు నిమిషాల పనే కదండీ, పచ్చి మట్టకి ఏమవుద్ది" అనే ఇంటాయనకి ఒకటే చెప్తాను, పచ్చి మట్ట నిండా నీళ్లే ఉంటాయండీ అని.

సౌకర్యం సంగతికొస్తే, తొడల పట్టీలు మొదట్లో బాగా కోశాయి. లుంగీ మీద, పల్చటి నిక్కరు మీద వేసుకునేది కాదు ఇది. మందపాటి ప్యాంటు ఉండాలి. నడుం పట్టీ లోపలి గుడ్డ చెమటకి తడిసి ఏప్రిల్, మే నెలల్లో చిరాకు పెడుతుంది. తెల్లారి ఆరు గంటలకే మొదలుపెట్టి పదకొండుకల్లా దిగిపోతున్నాం. రంపం కోత ఆపే ప్యాంట్లు కూడా వస్తాయి. వాటి లోపలి పొడుగు దారాలు గొలుసుకి చుట్టుకుని రంపాన్ని నిలిపేస్తాయి. ఐఎస్ఓ 11393 ట్యాగ్ మీద క్లాస్ 1 అంటే సెకనుకి 20 మీటర్ల వేగంతో తిరిగే గొలుసుని ఆపుతుందని అర్థం. మన ఉక్కపోతలో అది వేసుకోవడం నిజంగానే కష్టం. అయినా 2025 అక్టోబరులో మోంథా తుపాను తర్వాత, రోడ్ల మీద ఒకదాని మీద ఒకటి పడిన చెట్లు కోసినప్పుడు నేను దాన్ని విప్పలేదు. పడిన మానులో ఒక వైపు బిగుసుకుని ఉంటుంది, ఒక వైపు నలిగి ఉంటుంది. తప్పు వైపు కోస్తే మాను ఎగిరి కొడుతుంది, రంపం ఎటు పోతుందో మన చేతిలో ఉండదు.

వానాకాలం తర్వాత నడుం తాడు పట్టులోని స్ప్రింగుకి తుప్పు మొదలైంది. ఓడలరేవు, అంతర్వేది వైపు పనికి వెళ్లొచ్చినప్పుడు ఇది ఎక్కువ. సముద్రపు గాలికి వెళ్లిన రోజు సాయంత్రం అన్నిటినీ మంచినీళ్లలో కడిగి నీడలో ఆరేస్తున్నాను. ఎండలో ఆరేస్తే నైలాన్ బలం పోతుంది. తాడునీ పెట్రోలు డబ్బానీ ఒకే సంచిలో పెట్టడం మానండి. బండి బ్యాటరీ పక్కన అసలు పెట్టొద్దు, యాసిడ్ ఆవిరికి తాడు లోపల దెబ్బతిన్నా పైకి కనపడదు. బట్టతో చేసిన వాటికి తయారైన తేదీ నుంచి పదేళ్లకి మించి ఆయుష్షు ఇవ్వరు చాలా కంపెనీలవాళ్లు. గట్టిగా ఒక్కసారి పడితే ఆ రోజే తీసేయాలి. బ్రిటన్‌లో మనిషిని మోసే ఇలాంటి సామాను ఆరు నెలలకోసారి తెలిసినవాళ్లు పరీక్షించి రాసి పెట్టాలని చట్టమే ఉంది. మనల్ని అడిగేవాళ్లు లేరు గనక మనమే ఒక పుస్తకంలో రాసుకోవాలి.

ఇది కొని, వీడియోలు చూసి ఎక్కేయొచ్చనుకోవద్దు. కొబ్బరి అభివృద్ధి బోర్డువాళ్లు 2011 నుంచి నడుపుతున్న "ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ" శిక్షణలో ఆరు రోజులు యంత్రంతో ఎక్కడం, గెల ముదిరిందో లేదో చూడడం, మొవ్వు శుభ్రం చేయడం నేర్పుతారు. ఎక్కేవాళ్లకి కేర సురక్ష అనే ప్రమాద బీమా కూడా ఉంది, తప్పకుండా చేయించుకోండి. తాడు పని మాత్రం నాకు మా ఊరి కుర్రాడు నేర్పాడు. గల్ఫ్‌లో ఆయిల్ ప్లాంట్లలో తాడు మీద పనిచేసి వచ్చాడు, తాడు మీద పనికి సర్టిఫికెట్లిచ్చే ఇరాటా సంస్థ లెవెల్ 1 చేసినవాడు. ఆ కోర్సులో నాలుగు రోజులు శిక్షణ, ఐదో రోజు పరీక్ష ఉంటాయట. మా ఇద్దరికీ బంధుత్వం లేదు, అయినా "బావా, ముందు ఆరడుగుల ఎత్తులో వేలాడు, తర్వాత చూద్దాం" అంటూ పెరట్లో పనస చెట్టు కింద ఓపిగ్గా చెప్పాడు. పైసా తీసుకోలేదు.

అతను పట్టుబట్టి నేర్పింది ఇంకొకటి ఉంది: పైనున్నవాణ్ణి దించడం. కొమ్మ తగిలి స్పృహ తప్పితే హార్నెస్ మనిషిని కింద పడనివ్వదు, కానీ అలా కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. ఫైరింజను అమలాపురం నుంచి వచ్చేదాకా ఆగే సమయం ఉండదు. అందుకే బ్రిటన్‌లో చెట్టెక్కడానికీ, పైనుంచి మనిషిని కాపాడడానికీ కలిపే ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది అయ్యాకే చెట్టు మీద రంపం పట్టుకునే పరీక్ష. మా బావమరిది కింద కొమ్మలు లాగేవాడు. ఇప్పుడు వాడికీ ఎక్కడం, నన్ను తన తాడుకి తగిలించుకుని దించడం వచ్చు. పెద్ద చెట్టు పని ఉన్న రోజు రెండో హార్నెస్ వాడి ఒంటి మీదే ఉంటుంది, రెండో తాడు ముందే వేసి ఉంటుంది. ఆ ఖర్చు చెప్పి, ఇంటివాళ్ల దగ్గర కూలి కొంచెం ఎక్కువే అడుగుతున్నాను. ఎందుకో వివరించాక బేరం ఆడినవాళ్లు తక్కువ.

కొనేవాళ్లకి సైజు గురించి చెప్పాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పనికి వేసుకునే ప్యాంటు మీదే నడుమూ, రెండు తొడలూ టేపుతో కొలిచి పంపండి. హార్నెస్ వచ్చాక ట్యాగ్ చింపకుండా, ఇంట్లో దూలానికి తాడు వేసి, నేలకి జానెడు ఎత్తులో పావుగంట కూర్చోండి. తిమ్మిరెక్కితే సైజు తప్పు. ట్యాగ్ ఉంటేనే మార్చి ఇస్తారు.